పుత్తూరు దగ్గర 4 నీడిల్ మగ్గాలు: ట్యాగు టేపు లెక్క కుదురుతుందా?

వడమాలపేట_కొత్త (ఉదయం 7:40)
అందరికీ నమస్కారం. పుత్తూరు, వడమాలపేట మధ్యలో షెడ్డు చూశాం, అద్దె నెలకు 15 వేలు. 8/30 నీడిల్ మగ్గాలు (సన్న పట్టీలు నేసేవి) 4, పడుగు (నిలువు పోగులు) తోడే వార్పింగ్ మిషను, రోలింగ్ మిషను కలిపి 18 లక్షలకు కొటేషన్ వచ్చింది. తిరుపతి కాలేజీల ఐడీ కార్డు ట్యాగులకు వాడే 20 మి.మీ. పాలిస్టర్ టేపు తీయాలని ఆలోచన. మగ్గం అమ్మేవాళ్లేమో రెండు షిఫ్టులకు మగ్గానికి 7,200 మీటర్లు గ్యారంటీ అంటున్నారు. ఇది అయ్యే పనేనా? తెలిసినవాళ్లు కొంచెం లెక్క చెప్పండి.

టేపుమేస్త్రి (ఉదయం 8:25)
7,200 అనేది మగ్గం ఒక్క క్షణం కూడా ఆగకుండా తిరిగితే వచ్చే సంఖ్య. ఎట్లా వచ్చిందో చూడండి.

8/30 అంటే ఒకేసారి 8 టేపులు, ఒక్కోటి 30 మి.మీ. వెడల్పు వరకు. వేగం నిమిషానికి 900 పేకలు (అడ్డపోగులు), టేపులో సెంటీమీటరుకు 12 పేకలు అనుకుందాం. మీటరుకు 1,200 పేకలు. గంటకు 900 × 60 = 54,000 పేకలు, అంటే ఒక్కో టేపు 45 మీటర్లు. ఎనిమిదింటికి 360. ఇరవై గంటలకు 7,200. కొటేషన్‌లో ఉన్నది ఇదే.

అసలు సంగతి ఏమంటే, 8 టేపుల్లో ఒక్క పోగు తెగినా ఎనిమిదీ ఆగిపోతాయి. ఒక్కో టేపులో రెండు గంటలకు ఒకసారి పోగు తెగిందనుకోండి. వినడానికి చిన్నదే. కానీ మగ్గం లెక్కన గంటకు 4 సార్లు. పోగు వెతికి, హీల్డ్ కన్నులో, రీడు దువ్వెనలో దూర్చి, ముడేసి మళ్లీ నడపడానికి 3 నిమిషాలు. గంటలో 12 నిమిషాలు పోయాయి. మగ్గం నిజంగా నడిచేది 80 శాతమే అనే మాట ఇక్కడినుంచి వస్తుంది. 10 గంటల షిఫ్టుకు 2,880 మీటర్లు. అదీ దారం బాగుంటేనే.

రేణిగుంట_లెక్క (ఉదయం 9:10)
మేస్త్రి గారి 2,880 మీద ఖర్చు వేస్తున్నా. ధరలన్నీ ఊహకు పెట్టినవే, మీకు దొరికే ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ముందు బరువు. టేపుకు 120 పడుగు పోగులు, 300 డెనియర్. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం బరువు గ్రాముల్లో. 120 × 300 ÷ 9,000 = 4 గ్రాములు. పోగు వంకర తిరిగి పోతుంది కాబట్టి 4.3 వేసుకోండి. ఇక పేక. నీడిల్ మగ్గంలో పేక వెళ్లి తిరిగొస్తుంది, ప్రతి పేకా జంటే. 1,200 × 2 × 20 మి.మీ. = 48 మీటర్లు. అదీ 300 డెనియరే అయితే 1.6 గ్రాములు. మీటరు టేపు సుమారు 6 గ్రాములు.

కిలో దారం 150 రూపాయలు, 3 శాతం వేస్టు అనుకుంటే దారానికి 93 పైసలు. కరెంటు మగ్గానికి షిఫ్టుకు 12 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అంటే 3.3 పైసలు. మగ్గం చూసే మనిషికి 600 కూలి, 4 మగ్గాలు చూస్తే 5.2 పైసలు. 18 లక్షల మీద 8 ఏళ్ల తరుగుదల 6.5, 11 శాతం వడ్డీ 5.7. అద్దె 5.2. పడుగు తోడేవాళ్లకు, చెకింగ్‌కు కలిపి నెలకు 30 వేలు, అది 10.4. రోలింగ్, అట్టగొట్టం, ప్యాకింగ్ 8. దారంలో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ 2.3. మొత్తం 1 రూపాయి 40 పైసల దగ్గర తేలుతుంది.

ఇందులో మూడింట రెండు వంతులు దారమే. కూలి తగ్గిద్దామని కొట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, కిలో దారం 10 రూపాయలు పెరిగితే మీటరుకు 6 పైసలు పోతుంది. మగ్గం చూసే మనిషి కూలి మొత్తం కలిపినా అంత లేదు.

టేపుమేస్త్రి (ఉదయం 9:32)
లెక్క బాగుంది సార్, ఒక్కచోట మాత్రం తప్పు పడింది. ఒక మనిషికి 4 మగ్గాలు ఇచ్చారు. మగ్గానికి గంటకు 4 సార్లు ఆగితే నాలుగింటికి 16 సార్లు, ఒక్కోదానికి 3 నిమిషాలు, 48 నిమిషాలు మనిషి ముడులేస్తూనే ఉంటాడు. ఈ మగ్గం దగ్గర ముడేస్తుంటే అక్కడ ఇంకో రెండు ఆగి నిలబడి ఉంటాయి. 80 కాస్తా 60 అవుతుంది. కొత్త యూనిట్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

మొదటి ఆరు నెలలు మనిషికి 2 మగ్గాలే. కూలి 5.2 బదులు 10.4 అవుతుంది, కానివ్వండి. దారం మంచిది దొరికి, తెగడం నాలుగు గంటలకోసారి అయిన రోజున నాలుగు ఇవ్వచ్చు.

రేణిగుంట_లెక్క (ఉదయం 9:50)
ఒప్పుకుంటున్నా. 60 శాతానికి పడితే ఏమవుతుందో కూడా చూడండి. కూలి, తరుగుదల, వడ్డీ, అద్దె, పడుగు మనుషులు, ఇవన్నీ కలిపి 33 పైసలు. అవి 44 అవుతాయి. అమ్మకం 1.60 అనుకుంటే 20 పైసల మిగులు 9కి దిగింది. మగ్గం తిరుగుతూనే ఉంటుంది, టేపు బాగానే వస్తుంటుంది, లాభం మాత్రం సగానికి పైగా పోయి ఉంటుంది. పుస్తకం రాయనివాళ్లకు ఏడాది దాకా తెలియదు.

నగరి_నూలు (ఉదయం 10:45)
సామీ, రంగుల సంగతి ఎవురూ చెప్పలేదే. నేను చెప్తా.

టేపుకు 120 పోగులంటే వార్పింగ్ క్రీలు (దారం కోన్లు తగిలించే స్టాండు) మీద ఒకేసారి 120 కోన్లు పెట్టాల. కోను 2 కిలోలు అనుకోండి, 240 కిలోలు. 36 వేల రూపాయల దారం అట్లా నిలబడుండాల, అప్పుడే ఒక రంగు పడుగు తోడేది. 2,500 మీటర్ల బీముకు (ఒక టేపు పడుగు చుట్టిన చుట్ట) 10 కిలోలు పోతుంది, ఎనిమిది బీములకు 80. మిగిలిన 160 కిలోలు? మళ్లీ ఆ రంగు ఆర్డరు వచ్చేదాకా మూల పడుంటుంది. ఎరుపు, నీలం, నలుపు, పచ్చ అని నాలుగు పెట్టుకుంటే క్రీలు మీదనే లక్షా 44 వేలు.

రంగు మార్చినప్పుడు పాత పడుగు కొసకు కొత్తది ముడేసి లాగాల. 8 టేపులకు 960 ముడులు. చెయ్యి తిరిగినోళ్లు గంటకు 250 నుంచి 300 వేస్తారు, అంటే మూడు నాలుగు గంటలు. ఇద్దరుంటే సగం. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు పక్క పవర్‌లూములు ఉండేదాంట్లో ముడి అతికే ఆడమనుషులు దొరుకుతారు, ఆ ఒక్కటీ మన ఏరియాకు కలిసొచ్చేది. వేరే ఊర్లలో మగ్గాలు దొరుకుతాయి గానీ చేతులు దొరకవు.

500 మీటర్ల ఆర్డరు ఎవురైనా ఇస్తే టేపుకు 63 మీటర్లు, గంటా ముప్పావు పని. దానికోసరం నాలుగు గంటలు ముడులెయ్యాల. వద్దని చెప్పడం నేర్చుకోండి.

వడమాలపేట_కొత్త (ఉదయం 11:20)
అంటే తెలుపు ఒక్కటే తీసి, రంగు ప్రింటింగ్‌లో వేయించుకోమనడం మంచిదా? ఇంకోటి, పీపీ (పాలీప్రొపిలీన్) దారం కిలో చవగ్గా దొరుకుతుంది కదా, ట్యాగుకు అది పనికిరాదా?

ట్యాగుప్రింట్_తిరుపతి (మధ్యాహ్నం 12:15)
ట్యాగుకు పీపీ పనికిరాదు. సబ్లిమేషన్ ప్రెస్ (కాగితం మీది రంగును వేడితో టేపుకు ఎక్కించేది) 200 డిగ్రీల దగ్గర నడుస్తుంది, పీపీ 165 దగ్గరే కరిగిపోతుంది. పైగా సబ్లిమేషన్ రంగు పాలిస్టర్‌నే పట్టుకుంటుంది. తేడా తెలియకపోతే ముక్క కత్తిరించి నీళ్లలో తడిపి, గాలి బుడగలు పోయేలా పిండి వదలండి. పీపీ తేలుతుంది, పాలిస్టర్ మునుగుతుంది. షాపుల్లో పాలిస్టర్ పేరు మీద అంటగట్టే చవక టేపును పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

తెలుపే మంచిది. ఇక్కడ ప్రింటింగ్ వాళ్లం అందరం తెలుపు కొని రెండువైపులా రంగు పోస్తాం. టేపు కొనేటప్పుడు మేం చూసేది మూడే.

ఒకటి కుంచింపు. హీట్‌సెట్ చేయని (ముందే వేడి పెట్టి కుంచింపు తీసేయని) టేపు ప్రెస్‌లో పడగానే పొడవులో లాగేసుకుంటుంది. కాలేజీ పేరు ఉండాల్సిన చోట ఉండదు. 1 మీటరు గుర్తు పెట్టి, 200 డిగ్రీల ప్రెస్‌లో 40 సెకన్లు నొక్కి, చల్లారాక కొలవండి. 1 సెంటీమీటరు దాటి తగ్గితే మేం వెనక్కి పంపిస్తాం. మీ 18 లక్షల కొటేషన్‌లో హీట్‌సెట్ రోలర్లు ఉన్నాయా? మీరు రాసినదాంట్లో కనబడలేదు.

రెండు వంపు. నేల మీద 10 మీటర్లు వదులుగా పరిస్తే టేపు నేరుగా పడాలి. అరటికాయలా ఒకపక్కకు తిరిగితే కుట్టాక కార్డు మెడలో వంకరగా వేలాడుతుంది.

మూడు రోలు పొడవు. 100 మీటర్ల రోలు అని రాసి 93, 94 పెట్టే అలవాటు ఉంది ఈ వ్యాపారంలో. విప్పి కొలవం. 10 మీటర్లు తూచి, రోలు నికర బరువు తూచి భాగిస్తాం. ఖాళీ గొట్టం బరువు మాత్రం తీసెయ్యాలి.

టేపుమేస్త్రి (మధ్యాహ్నం 12:50)
వంపు ఎందుకొస్తుందంటే, నీడిల్ మగ్గంలో రెండు అంచులూ ఒకటి కాదు. ఒకవైపు పేక మడతపడి వెనక్కి తిరుగుతుంది, మామూలు అంచు. రెండోవైపు లాచ్ నీడిల్ ఆ పేకను కొక్కెంతో పట్టి గొలుసులా అల్లుతుంది. అల్లిన పక్క బిగువు ఎక్కువైతే టేపు అటు వంగుతుంది. ముందు పేక టెన్షన్ కొంచెం వదులు చేసి చూడండి, తర్వాత అంచు పోగుల టెన్షన్. రెండూ ఒకేసారి ముట్టుకుంటే ఏది పనిచేసిందో తెలియదు.

అల్లిన అంచు గురించే ఇంకో మాట. పేక తనలో తానే అల్లుకునే రకంలో ఒక్క కుట్టు వదిలినా మేజోడు ఊడినట్టు కొసనుంచి జర్రున ఊడిపోతుంది. దానికే లాకింగ్ దారం అదనంగా వేస్తారు. ట్యాగుకు, బ్యాగు పట్టీకి లాకింగ్ దారం లేని మగ్గం తీసుకోవద్దు. టేపు కత్తిరించి, కొసనుంచి అల్లిన అంచు దారం పట్టి లాగండి. మీటరు ఊడొస్తే దాంట్లో లాకింగ్ లేదు, లేదా దారం తెగి ఎవరూ చూసుకోలేదు.

లాచ్ నీడిల్ కొక్కెం అరిగితే పట్టుకోవాల్సిన దారాన్ని అప్పుడప్పుడు వదిలేస్తుంది. అంచులో చిన్న చిన్న కన్నాలు. పార్టు చవక, వందలమీటర్ల టేపు చవక కాదు. గోటితో కొక్కెం లోపల రుద్ది చూడండి, గరుకు తగిలితే మార్చేయండి. ఎనిమిదికీ స్పేర్ పెట్టుకోవాలి.

వడమాలపేట_కొత్త (మధ్యాహ్నం 1:30)
కొటేషన్‌లో హీట్‌సెట్ లేదు. అడిగితే విడిగా అంటున్నారు. ఇంకో డౌటు, తిరుపతిలోనే అమ్ముకోగలమా మొత్తం?

ట్యాగుప్రింట్_తిరుపతి (మధ్యాహ్నం 1:55)
4 మగ్గాలు ఒక్క షిఫ్టు 25 రోజులు తిప్పితే 2,88,000 మీటర్లు. ఒక ట్యాగుకు 95 సెం.మీ. పోతుంది. అంటే నెలకు 3 లక్షల ట్యాగులు. తిరుపతిలో ఎంతమంది పిల్లలు చదివినా ట్యాగు ఏడాదికి ఒక్కటేగా అన్నా, నెలనెలా మార్చరు. మా పని జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రీ పగలూ, తర్వాత కంపెనీలు, మీటింగులు, చిల్లర. మీ మగ్గాలు డిసెంబర్‌లో ఏం నేస్తాయి?

మాధవరం_బ్యాగ్స్ (మధ్యాహ్నం 2:40)
బ్యాగు పట్టీ నెయ్యండి. చెన్నైలో బ్యాగులు కుట్టేవాళ్లు 25, 38 మి.మీ. పట్టీ ఏడాది పొడవునా కొంటారు. పుత్తూరు నుంచి 716 హైవే మీద నగరి, తిరువళ్లూరు దాటితే వచ్చేశారు. కానీ 8/30లో 38 దిగదు. 6/45 ఉండాలి. 4 మగ్గాల్లో రెండు 6/45 తీసుకోండి, దాంట్లో 20 టేపు కూడా నేయచ్చు, 8 బదులు 6 వస్తాయి అంతే.

ఇక్కడ పీపీ పట్టీ కిలో లెక్కన, పాలిస్టర్ టేపు మీటరు లెక్కన నడుస్తుంది. ఆ తేడాలో చాలా మతలబు ఉంది. మీటరు లెక్కన అమ్మేవాడు సెంటీమీటరుకు 12 పేకలు చెప్పి 10 వేస్తాడు. గంటకు 45 మీటర్ల చోట 54 వస్తుంది, పేక దారంలో ఆరో వంతు మిగులుతుంది. చూపుకు తెలియదు, బకిల్ దగ్గర జారుతుంది. కిలో లెక్కన అమ్మేవాడికీ తక్కువ పేకలే లాభం, లావు దారంతో గంటకు ఎక్కువ కిలోలు దిగుతాయి. కాబట్టి కొనేవాడు రెండూ చూడాలి, 10 మీటర్ల బరువు, భూతద్దంతో సెంటీమీటరు పేకలు. కొత్తగా వచ్చేవాళ్లకు నా మాట, బిల్లు మీద పేకలు, గ్రాములు రాసివ్వండి. మార్కెట్లో ఎవరూ రాయరు, రాసినవాడిని గుర్తుపెట్టుకుంటారు.

కార్వేటినగరం_దారం (సాయంత్రం 4:05)
ఎలాస్టిక్ ఎందుకు వద్దు? తిరుప్పూరు బనియన్లకు టన్నుల్లో పోతుంది కదా. లేకుంటే తిరుపతిలో కంకణాలు, మొలతాళ్లు?

టేపుమేస్త్రి (సాయంత్రం 4:50)
కంకణం, మొలతాడు నేత కాదు, జడ అల్లిక. అది వేరే మిషను, వేరే లెక్క. ఇందులో కలపొద్దు.

ఎలాస్టిక్ మగ్గం దాదాపు ఇదే, రబ్బరు పోగుల ఫీడ్ రోలర్లు అదనం. కానీ ఆదాయం లెక్క తలకిందులు. రబ్బరును సాగదీసి నేస్తారు, మగ్గం దిగగానే టేపు లాక్కుంటుంది. మగ్గం మీద 100 మీటర్లు నేసింది కింద 45, 50 అవుతుంది. మీరు అమ్మేది కింద కొలిచిన మీటర్లు. ఈ 2,880 లెక్క దానికి వేయొద్దు.

రబ్బరు పోగులన్నింటికీ ఒకే సాగు రావాలి. రోలరు మీద ఒకటి జారినా టేపు ఒకపక్క ముడుచుకుని అంచు అలలు తిరుగుతుంది. పైపోగులు చాలకపోతే సాగదీసినప్పుడు రబ్బరు పళ్లికిలించినట్టు బయటికి కనబడుతుంది, కుట్టుమిషను సూది దాన్ని కోస్తుంది, నాలుగు ఉతుకులకు నడుము వదులు. రబ్బరుకు నూనె, ఎండ, రాగి మూడూ శత్రువులే. మే నెలలో రేకుల షెడ్డు కింద రబ్బరు పెట్టెలు పేర్చారంటే పోగులు ఒకదానికొకటి అతుక్కుని విప్పలేరు. పైగా ఆవిరి పెట్టి లాగి ఆరబెట్టే ఫినిషింగ్ మిషను లేకుండా వెడల్పు నిలబడదు. పరీక్ష తేలికే, 10 సెం.మీ. గుర్తు పెట్టి 20 దాకా సాగదీసి పది నిమిషాలు మేకుకు తగిలించి వదలండి. 10.5 దాటి నిలిచిపోతే ఎవరూ కొనరు.

తిరుప్పూరులో ఎలాస్టిక్ నేసేవాళ్లు అక్కడే ఉన్నారు, సాయంత్రం ఫోన్ చేస్తే పొద్దున సరుకు. ఇక్కడినుంచి వాళ్లతో పోటీ ఎందుకు?

చిత్తూరు_ఆడిటు (సాయంత్రం 6:30)
పన్నుల సంగతి క్లుప్తంగా. 30 సెం.మీ. లోపు వెడల్పు ఉండి రెండువైపులా అంచు ఉన్న నేత జీఎస్టీ సరుకు కోడ్ 5806 కింద వస్తుంది, 5 శాతం జీఎస్టీ. బరువులో 5 శాతం, ఆపైన రబ్బరు లాంటి సాగే పోగు ఉంటే ఎలాస్టిక్, అదీ 5806లోనే. నేసిన లేబుళ్లు 5807. ట్యాగుకు హుక్కు వేసి కుట్టి అమ్మితే అది ఇక టేపు కాదు, తయారైన వస్తువు, కోడ్ మారుతుంది.

2025 సెప్టెంబర్ 21 దాకా పాలిస్టర్ దారం మీద 12, టేపు మీద 5 ఉండేది. ఎక్కువ కట్టి తక్కువ వసూలు చేసి, తేడా రీఫండ్ కోసం తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు దారం కూడా 5 అయింది. పాత ప్రాజెక్టు రిపోర్టులు నెట్‌లో చూసి కాపీ కొట్టేవాళ్లు ఈ అంకె మార్చుకోండి.

పీఎంఈజీపీ (కేంద్రం సబ్సిడీ అప్పు పథకం)లో తయారీకి 50 లక్షల దాకా ప్రాజెక్టు వేయచ్చు, గ్రామీణంలో జనరల్ వారికి 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ. దరఖాస్తుకు ముందు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో బ్యాంకులో అడగండి. ఆ సబ్సిడీ చేతికిచ్చే డబ్బు కాదు. మూడేళ్లు మీ పేరున డిపాజిట్‌లో ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. దారం కొనడానికి దాన్ని నమ్ముకోవద్దు.

రేణిగుంట_లెక్క (సాయంత్రం 7:15)
దారం డబ్బు గురించి అన్నారు కాబట్టి. మగ్గానికి షిఫ్టుకు 17.3 కిలోలు, 25 రోజులకు 432 కిలోలు, 64,800 రూపాయలు. నాలుగింటికి 2 లక్షల 59 వేలు. దారం స్టాకు 15 రోజులు, మగ్గం మీద, రోలింగ్‌లో 10 రోజులు, కొన్నవాడు ఇచ్చేది 60 రోజులకు. మొత్తం 85 రోజులు. అంటే దారంలోనే 7 లక్షల 30 వేలు ఎప్పుడూ బయట తిరుగుతూ ఉంటుంది. రెండో షిఫ్టు పెడితే రెట్టింపు. 18 లక్షల మిషన్లకు అప్పు ఇచ్చే బ్యాంకు ఈ 7.3 దగ్గర నసుగుతుంది.

చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించి బిల్లు మీద నంబరు వేయండి. చిన్న తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, కొన్నవాడికి ఆ ఖర్చు ఇచ్చిన ఏడాదిలోగానీ ఆదాయపు పన్నులో లెక్కకు రాదు. పెద్ద కంపెనీలకు ఇది గట్టిగా తగులుతుంది. రిటర్ను వేయని బ్యాగు కుట్టేవాడికి తగలదు, ఆయన దగ్గర మాత్రం క్రెడిట్ లిమిట్ మీరే పెట్టుకోవాలి.

నగరి_నూలు (రాత్రి 8:10)
కరెంటు పోయినప్పుడు మగ్గం సగంలో ఆగితే అక్కడ అడ్డంగా గీత పడతాది, తెల్ల టేపు మీద ప్రింటు చేస్తే ఇంకా తేలిపోతాది. ఆగిన చోట చిన్న దారం ముడేసి గుర్తు పెట్టమని చెప్పండి పనోళ్లకు, రోలింగ్‌లో కత్తిరించేయచ్చు. నూనె మరకా అంతే. కొత్త మగ్గానికి మొదటి వారం నూనె చిందతాది, ఆ వారం ఎవురికీ సరుకు మాట ఇయ్యొద్దు.

వడమాలపేట_కొత్త (రాత్రి 9:05)
అందరికీ థాంక్స్. ఇప్పటికి ఇట్లా అనుకుంటున్నా: 8/30 ఒకటి, 6/45 ఒకటి, హీట్‌సెట్ తప్పకుండా, తెల్ల పాలిస్టర్ 20 మి.మీ. ఒక్కటే మొదట. 6/45 మీద నలుపు బ్యాగు పట్టీ. మిగతా రెండు మగ్గాల డబ్బు దారానికి. మగ్గం చూడ్డానికి వెళ్తే ఏం అడగాలి?

టేపుమేస్త్రి (రాత్రి 9:30)
వాళ్ల దారం వద్దు, మీరు కొనబోయే దారం 10 కిలోలు 120 చిన్న కోన్లుగా చుట్టించి పట్టుకెళ్లండి. ఒక్క బీముకు అది సరిపోతుంది, మిగతా టేపులు వాళ్ల దారమే తిరగనివ్వండి. రెండు గంటలు 900 మీద నడపమని, మీ టేపులో ఎన్నిసార్లు పోగు తెగిందో మీరే గీతలు గీసుకోండి. చివరికి ఆ టేపు 20 మీటర్లు కత్తిరించి తీసుకురండి. పది మీటర్లు ట్యాగుప్రింట్ అన్న ప్రెస్‌లో వేసి చూస్తాడు, పది మీటర్లు నేల మీద పరుద్దాం.

ట్యాగుప్రింట్_తిరుపతి (రాత్రి 9:41)
తెండి. ఆదివారం తప్ప ఎప్పుడైనా.